మడత అనడానికి మొహమాటం ఎందుకు

ఈ ఉగాదికి మా పేట తెలుగువాళ్ళం ఒకచోట చేరినప్పుడు నా మేనకోడలు ప్రోటీన్ల గురించి తెలుగులో మాట్లాడింది. చెన్నై గిండీలో ఎమ్మెస్సీ చదువుతోంది. 2024 రసాయనశాస్త్రం నోబెల్ దేనికిచ్చారో సైన్సు చదవని పెద్దవాళ్ళక్కూడా తెలిసేలా చెప్పాలని ముందునుంచీ దాని పట్టుదల. "ప్రోటీన్ అంటే ఒక పొడుగాటి గొలుసు. తయారయ్యాక అది తనంతట తాను మడతపడుతుంది. మడత సరిగ్గా పడితేనే పని చేస్తుంది" అని మొదలుపెట్టింది. ముందు వరసలో పిన్నిగార్లు తలలూపుతూ వింటున్నారు.

ఇంతలో ఒక పెద్దాయన చెయ్యెత్తారు. తెలుగు మాస్టారుగా చేసి రిటైరైనవారు, నాకు గౌరవం ఉన్న మనిషి. "అమ్మాయీ, విషయం చక్కగా చెబుతున్నావు. కానీ మడత అనేది బట్టల మాట. శాస్త్రం చెప్పేటప్పుడు కాస్త నిండుగా ఉండాలి. సంవలనం అను, బాగుంటుంది" అన్నారు. ఆయన పక్కన కూర్చున్న ఐటీ కుర్రాడు "అదంతా ఎందుకు సార్, ఫోల్డింగ్ అంటే సరిపోద్దిగా, అందరికీ తెలుసు" అన్నాడు. పిల్ల ఒక్క క్షణం తటపటాయించి "సరే అంకుల్" అంది. అక్కణ్ణుంచి చివరిదాకా ఫోల్డింగ్, మిస్‌ఫోల్డింగ్, అన్‌ఫోల్డింగ్. పిన్నిగార్ల తలలు ఊగడం ఆగిపోయింది.

ఇద్దరూ మంచి మనసుతోనే అన్నారు. అయినా ఇద్దరి మాటా తప్పే అని నాకు గట్టిగా అనిపించింది. అప్పట్నించీ దాని గురించే ఆలోచిస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇదీ: సైన్సు చెప్పడానికి తెలుగుకి మాటలు తక్కువై కాదు మనం ఇబ్బంది పడుతున్నది. ఇంట్లో ఉన్న మాటని గడప దాటనివ్వం. దానికి రెండో పని, మూడో పని ఒప్పజెప్పం. ఇంగ్లీషు చేసిందల్లా అలా ఒప్పజెప్పడమే.

ఫోల్డ్ తిరిగిన ఊళ్ళు

ఇంగ్లీషులో ఫోల్డ్ అన్నది పెద్ద చదువుల మాట కాదు. దుప్పటి మడతపెట్టడానికి వాడే మాట. అదే మాటని పేకాటలో ముక్కలు పడేసి పక్కకి తప్పుకోవడానికి వాడారు. వ్యాపారం మూతపడితే వాడారు. గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి, గాలి పోకుండా కేకు పిండిలో పైపైన తిప్పి కలపడానికి వాడారు. భూగర్భశాస్త్రంవాళ్ళు రాతిపొరలు వంగితే ఆ మాటే అన్నారు. ప్రోటీన్ల దగ్గరికొచ్చేసరికి జీవశాస్త్రంవాళ్ళూ కొత్త మాట కోసం లాటిన్ తవ్వలేదు, దుప్పటి మాటే తీసుకున్నారు. ప్రోటీన్ గొలుసు ఎలా మడతపడుతుందో లెక్కగట్టి చెప్పి నోబెల్ తెచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాం పేరు కూడా ఆల్ఫాఫోల్డ్. లండన్‌లో ఆ పేరు విన్న ఏ ఇల్లాలూ 'ఇది బట్టల మాట కదా' అనుకుని ఉండదు. అనుకున్నా తప్పని అనుకోదు.

అయితే ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇంగ్లీషు ఫోల్డ్ అర్థాలన్నీ ఒక తల్లి పిల్లలు కావు. గొర్రెల దొడ్డిని కూడా ఫోల్డ్ అంటారు. పాత ఇంగ్లీషులో అది వేరే మాట, మడతకీ దానికీ సంబంధం లేదు. కాలక్రమంలో పలుకు ఒకటైపోయింది, అంతే. కళ్ళకి గంతలు కట్టడాన్ని బ్లైండ్‌ఫోల్డ్ అంటారే, అందులో చివరి ముక్క కూడా మొదట ఫోల్డ్ కాదు. గుడ్డివాణ్ణి చేయడం అనే అర్థమున్న పాత మాట, గుడ్డ మడిచి కడతారు కదా అని జనం నోట ఫోల్డ్ అయింది. కాబట్టి 'చూశారా, ఒక్క మాటతో ఇంగ్లీషువాళ్ళు ఎంత లోకాన్ని చుట్టబెట్టారో' అని మురిసిపోనక్కర్లేదు. అందులో కొంత కాకతాళీయం.

అందుకే ఫోల్డ్ కనబడ్డ ప్రతిచోటా మడత అనమని నేను అనడం లేదు. పార్టీ మారిన నాయకుడు తిరిగొస్తే ఇంగ్లీషు పేపర్లు ఆ గొర్రెల దొడ్డి ఫోల్డే వాడతాయి. మన పేపర్లవాళ్ళు 'సొంత గూటికి' అని రాస్తారు. ఎంత బాగుందో చూడండి! ఎవరు మొదలుపెట్టారో గానీ ఆ సబ్‌ఎడిటర్‌కి దణ్ణం పెట్టాలి. కంపెనీ మునిగితే మనం బిచాణా ఎత్తేశారంటాం, దుకాణం కట్టేశారంటాం. రమ్మీలో డ్రాప్ అంటాం, మూడు ముక్కలాటలో ప్యాక్ అంటాం. ఇవన్నీ వాటి వాటి చోట్ల కుదిరిన మాటలు, వాటిని కదపక్కర్లేదు.

చేతుల సంగతే తీసుకోండి. మన దేశపు ఇంగ్లీషులో నమస్కారం అంటే 'ఫోల్డెడ్ హ్యాండ్స్'. ఫోన్‌లో రోజూ పంపుకునే ఆ రెండు చేతుల బొమ్మకి యూనికోడ్‌వాళ్ళు 2010లో పెట్టిన పేరులోనూ అదే మాట. తెలుగులో మనం చేతులు మడవం. దణ్ణానికైతే జోడిస్తాం, వినయానికైతే కట్టుకుంటాం, పనీపాటా లేకపోతే ముడుచుక్కూర్చుంటాం. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టుకున్నచోట మనకి మూడు మాటలున్నాయి, మూడిటికీ వేర్వేరు మనసులున్నాయి. ఇలాంటి చోట మడత అని రాసేవాడు తెలుగు వినని వాడు.

మరి ప్రోటీన్ దగ్గరికొచ్చేసరికి మడతే కావాలని ఎందుకంటున్నాను? అక్కడ జరిగేది నిజంగా మడత కాబట్టి.

మన మడత ఊరికే కూర్చోలేదు

మాస్టారు 'బట్టల మాట' అన్నారు గానీ, ఆ మాట బట్టలు దాటి ఎప్పుడో బయటికొచ్చింది. మడత మంచం ఉంది. తాపేశ్వరం మడత కాజా ఉంది. చిన్న విషయానికి పెద్ద మెలిక పెట్టేవాడు మడతపేచీ పెడతాడు. ఇచ్చిన మాట మీద నిలబడనివాడు నాలుక మడతేస్తాడు. కొత్త బట్ట మడత నలగనిది. తాంబూలంలో ఆకు మడుపు. 'అడుగులకు మడుగులొత్తడం' అని అంటూనే ఉంటాం, ఆ మడుగులు నీటి మడుగులు కావు. నడిచేవారి కాళ్ళకింద పరిచే మడత బట్టలు.

వీటన్నిటికన్నా నాకు నచ్చేది 'ఇనుమడించడం'. ఉత్సాహం ఇనుమడించిందని పేపర్లో రోజూ చదువుతాం. ఇను అంటే రెండు, మడి అంటే రెట్టు, అంటే మడత. పాత తెలుగులో ఇరుమడి, ముమ్మడి, నూరుమడి. గుడ్డని ఒకసారి మడిస్తే రెండు పొరలవుతుంది. అందులోంచే లెక్క పుట్టింది. ఇంగ్లీషులో రెండింతలని టూఫోల్డ్ అన్నదీ ఇదే ఆలోచనతో. ఎవరి దగ్గర ఎవరూ నేర్చుకోలేదు. మడతపెట్టే చేతులున్న ఏ జాతికైనా తట్టే ఆలోచన అది.

మద్రాసులో ఉండడం వల్ల నాకు ఇంకో లాభం ఉంది. మనం ఇంట్లో మర్చిపోయినవి పక్కింట్లో వినబడతాయి. తమిళంలో మడత మడిప్పు, రెట్టు మడంగు. రెండింతలు అనాలంటే మా కూరగాయలావిడ 'రెండు మడంగు' అంటుంది. వంగి మడతపడడానికీ మడంగు అనే అంటారు. కన్నడంలో రెండో పులకేశి ఇమ్మడి పులకేశి, మైసూరు మూడో కృష్ణరాజ ఒడయరు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు. బట్ట మడత రాజుల పేర్లదాకా వెళ్ళింది, ఏ రాజూ చిన్నబుచ్చుకోలేదు.

తమిళం స్కూలు పుస్తకాల్లో హిమాలయాల్లాంటి వాటిని మడిప్పు మలైగళ్ అంటారు. మన పుస్తకాల్లో ముడుత పర్వతాలు. మనందరం పరీక్షల్లో రాసిన మాటే. భారత భూఫలకం వచ్చి ఆసియాని గుద్దుకుంటే, ఐదు కోట్ల ఏళ్ళుగా రాతిపొరలు వంగి ముడతలు పడి పైకి లేచాయని చదివాం. ఆ మాట వల్ల హిమాలయాల ఎత్తు తగ్గిందని ఎవరూ అనుకోలేదు. ఎవరెస్టుకి చాలిన మాట ప్రోటీన్‌కి చాలదా?

గిండీలో జరిగిన పని

ఈ విషయం చెన్నైలో మాట్లాడుతున్నప్పుడు జి.ఎన్. రామచంద్రన్ పేరు తలుచుకోకుండా ఉండలేం. ప్రోటీన్ ఎలా మడతపడగలదు, ఎలా పడలేదు అన్న లెక్కకి పునాదుల్లో ఒకటి వేసింది ఈ ఊళ్ళోనే. 1952లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయం ఫిజిక్సు శాఖకి హెడ్డుగా వచ్చారు. ఆ సంవత్సరమే ఇక్కడికొచ్చిన జె.డి. బెర్నాల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, కొల్లాజెన్ కట్టడం ఇంకా ఎవరికీ అంతుపట్టలేదని ఆయన చెవిన వేశారు. కొల్లాజెన్ అంటే తోలు, ఎముక, స్నాయువుల్లో ఉండే ప్రోటీన్. పక్కనే అడయారులో తోళ్ళ పరిశోధన సంస్థ, సీఎల్ఆర్ఐ. తెనాలి వైపు నుంచి వచ్చిన యలవర్తి నాయుడమ్మగారు తర్వాత ఏళ్ళ తరబడి నడిపిన సంస్థ అదే. తోలు ఎక్కడుంటే కొల్లాజెన్ అక్కడుంటుంది కదా. 1954లో రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కొల్లాజెన్ మూడు పేటలుగా అల్లుకుని ఉంటుందని ప్రకటించారు.

1963లో వచ్చింది అసలుది. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ముగ్గురూ వేసిన ఒక పటం. ఇవాళ ప్రపంచంలో బయోకెమిస్ట్రీ చదివే ప్రతి పిల్లా పిల్లవాడూ దాన్ని రామచంద్రన్ ప్లాట్ అని చదువుతారు. సంగతి ఏమిటంటే, ప్రోటీన్ గొలుసులో ఒక్కొక్క లంకె దగ్గర ముఖ్యంగా రెండు చోట్ల తిరగడానికి వీలుంటుంది. ఆ రెండు కోణాలకీ ఫై, సై అని గ్రీకు అక్షరాలు పెట్టారు. ఎంత కావాలంటే అంత తిప్పుదామంటే కుదరదు. కొన్ని కోణాల్లో పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. ఏ కోణాలు కుదురుతాయి, ఏవి కుదరవు అని లెక్కగట్టి పటంమీద గీశారు. పటంలో చాలా భాగం ఖాళీ. అంటే గొలుసు ఇష్టమొచ్చినట్టు మడతపడలేదు, దానికి కొన్ని దార్లే ఉన్నాయి. ఇప్పటికీ ఎవరైనా కొత్త ప్రోటీన్ రూపం కనిపెట్టామంటే, అది ఈ పటానికి ఒప్పుతుందా అని చూస్తారు. ఆయన ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్సీకి వెళ్ళిపోయారు.

ఇంత పని జరిగిన ఊళ్ళో, అదే గిండీలో చదువుకుంటున్న తెలుగు పిల్ల, ఆ సంగతి తెలుగులో చెప్పబోతే మొదట అడ్డొచ్చింది మాట హోదా. అది నాకు మింగుడు పడలేదు.

పదహారు పేజీల ఫారం

మడత అన్న మాట ఇక్కడ ఎందుకు సరిగ్గా కుదురుతుందో నాకు తెలిసొచ్చింది ట్రిప్లికేన్‌లో ఒక బైండింగ్ షాపులో. మద్రాసు ఒకప్పుడు తెలుగు అచ్చుకి పుట్టిల్లు. వావిళ్ళవారి పుస్తకాలు, ఆంధ్రపత్రిక, 1947 జులైలో మొదలైన చందమామ, అన్నీ ఇక్కడివే. ఆ రోజులు పోయినా బైండింగ్ షాపులు కొన్ని మిగిలాయి. మా నాన్న పాత పుస్తకాలు కుట్టించడానికి వెళ్ళినప్పుడు అక్కడ ఒకామె ఫారాలు మడుస్తూ కూర్చుంది.

డెమీ 1/8 సైజు పుస్తకానికి ఒక ఫారం అంటే పెద్ద కాగితం, అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, పదహారు పేజీలు. మడవకముందు చూస్తే ఏమీ అర్థం కాదు. ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది. ఎనిమిది పక్కన తొమ్మిది ఉంటుంది గానీ రెండూ తలకిందులుగా ఉంటాయి. రెండో పేజీ కాగితం అవతలి పక్కన. ఆమె కాగితాన్ని అడ్డంగా ఒకటి మడిచి, చెక్కబద్దతో మడత మీద ఒక్క గీత గీసింది. తిప్పి ఇంకోటి, ఇంకో గీత. మళ్ళీ తిప్పి మూడోది. కన్ను కాగితం మీద లేదు, పక్కామెతో మాట్లాడుతోంది. మూడు మడతలయ్యేసరికి ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు, పదహారు దాకా వరసలో నిలబడ్డాయి. దూరంగా ఉన్నవి పక్కపక్కకొచ్చాయి, తలకిందులుగా ఉన్నవి నిటారయ్యాయి. చదవడానికి వీలైంది.

ప్రోటీన్‌లో జరిగేది కూడా ఇదే. మన పొట్టలో మాంసకృత్తుల్ని ముక్కలు చేసే కైమోట్రిప్సిన్ అనే ఎంజైమ్ ఉంది, అదీ ఒక ప్రోటీనే. అది పనిచేయాలంటే దాని గొలుసులో 57వ స్థానం, 102వ స్థానం, 195వ స్థానంలో ఉన్న మూడు అమైనో ఆమ్లాలు, అంటే ఆ గొలుసు లంకెలు, ఒకచోట చేరాలి. గొలుసు సాపుగా పరిస్తే ఎక్కడి 57, ఎక్కడి 195! మడతపడితేనే మూడూ ఎదురెదురుగా వచ్చి, కత్తెర తయారవుతుంది. అక్షరాలన్నీ ముందే ఉన్నాయి, మడతే వాటిని పనికొచ్చేలా చేసింది.

సంవలనం అంటే ఈ బొమ్మ కళ్ళముందుకి రాదు. వినేవాళ్ళకి సంకలనమో సంచలనమో అనిపిస్తుంది. ఫోల్డింగ్ అన్నా మా పిన్నిగార్లకి ఫోల్డింగ్ కుర్చీ దాకానే వస్తుంది. మడతపడింది అంటే మాత్రం చేతికి తెలుస్తుంది.

ఎవరి మాట అది

ఇప్పుడు నన్ను అసలు కదిపిన సంగతికి వస్తాను. మడతకి గౌరవం లేదని ఎందుకు అనిపిస్తుంది? మడత పెట్టేవాళ్ళకి గౌరవం లేదు కాబట్టి. నేను వేరే కారణం వెతికాను, దొరకలేదు. వళి అంటే కావ్యాల్లో నాయిక నడుము మీది మడతే, దానికి లేని చిన్నతనం మడతకే ఎందుకు వచ్చింది? అది ఇంట్లో ఆడవాళ్ళ పని, వీధిలో ఇస్త్రీవాళ్ళ పని, షాపులో ఆఖరి జీతగాడి పని. టీ నగర్‌లో ఏ పట్టుచీరల షాపుకైనా వెళ్ళి చూడండి. చీరలు పరిచి చూపించేవారికి పేరుంటుంది, 'అన్నా, అది చూపించు' అంటాం. మనం వద్దన్న చీరల్ని పక్కన కూర్చుని మళ్ళీ మడతపెట్టేవాళ్ళ వైపు ఎవరం చూడం. ఆ గుట్ట తరిగితేనే షాపు నడుస్తుంది.

అందులో విద్య లేదని ఎవరైనా అంటే మా అమ్మని చూడమంటాను. నెల్లూరు నుంచి పెళ్ళై వచ్చేటప్పుడు తెచ్చుకున్న కంచి పట్టుచీరలు ఇంకా ఆమె దగ్గర కొత్తగా ఉన్నాయి. ఏటా కొన్నిసార్లు వాటిని బయటికి తీస్తుంది. ఎండ తగలని గదిలో చాప మీద దుప్పటి పరిచి, చీర విప్పి, కాసేపు గాలికి వదిలేస్తుంది. తర్వాత నన్ను పిలుస్తుంది. చెరో కొసా పట్టుకుని నిలబడతాం. అంచుకి అంచు కలుపుతాం, ఒక కుదుపు కుదుపుతాం, నేను నడిచి వెళ్ళి నా కొసలు ఆమె చేతికిస్తాను, వంగి కిందికి జారిన మడతని అందుకుంటాను. అయితే పాత గీత మీద మళ్ళీ మడవనివ్వదు. "అక్కడొద్దే, అది అలిసిపోయింది. ఇటు జరుపు" అంటుంది. జరీ ఉన్నచోట ఒకే మడత ఏళ్ళ తరబడి ఉంటే పట్టు అక్కడే చిట్లుతుంది. పోయినసారి ఎక్కడ మడిచిందో ఆమెకి గుర్తు. గుర్తు లేకపోతే వేలితో తడిమి చెబుతుంది. ఏ బట్ట ఎక్కడ వంగుతుందో, ఎంతకాలం వంగి ఉండగలదో, ఎక్కడ విరుగుతుందో తెలిసిన మనిషి ఆమె. ప్రోటీన్ గొలుసు ఎక్కడ వంగగలదు, ఎక్కడ వంగలేదు అన్న మాట ఆమెకి చెబితే చప్పున పట్టుకుంటుంది. పట్టుకుంది కూడా. ఉగాది రోజు ముందు వరసలో తలూపినవాళ్ళలో ఆమె ఒకతె.

పిల్ల ఫోల్డింగ్‌కి మారిపోగానే, 'ఇది నీకు తెలిసిన సంగతే' అని ఆమెకి చెప్పగలిగిన ఒక్క తాడూ తెగిపోయింది.

ఎదురు మాటలు

మాస్టారి మాటని తేలిగ్గా తోసెయ్యలేను. ఆయన భయం నిజమైనదే. బడి పుస్తకంలో మాటకి హద్దు కావాలి. మడత, ముడత, ముడుచుకోవడం, నలగడం, చుట్టుకోవడం అన్నీ వాడుకలో కలిసిపోతాయి. పరీక్ష రాసే పిల్లకి ఏది ఏదో తెలియాలి. సంస్కృతంలోంచి తెచ్చిన మాటకి వాడుక అర్థాల బరువు లేదు కనక మనం చెప్పిన అర్థమే ఉంటుంది. ఇది నిజం. గురుత్వాకర్షణ అన్న మాట అలాగే నిలబడింది, దాన్ని మార్చమని నేననను.

కానీ హద్దు పెట్టడానికి కొత్త మాటే అక్కర్లేదు. తెలుగు క్రియలు ఆ పని చేస్తాయి. బట్టని మనం మడతపెడతాం. ప్రోటీన్ మడతపడుతుంది. ఒకరు చేసిందీ, దానంతట అది జరిగిందీ మన భాషలోనే విడిపోయాయి. ఇంగ్లీషులో రెండిటికీ ఫోల్డే. ప్రోటీన్ల కథలో అసలు అద్భుతం ఆ 'పడటం'లోనే ఉంది. క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ అనే ఆయన రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ని రసాయనాలు వేసి పూర్తిగా విప్పేశారు. పని ఆగిపోయింది. రసాయనాలు తీసేస్తే, ఎవరి చెయ్యీ తగలకుండా అది మళ్ళీ మొదటి మడతలోకి వచ్చి పని మొదలుపెట్టింది. ఎలా మడతపడాలో ఆ గొలుసులోనే రాసి ఉందన్నమాట. 1972లో ఆయనకి నోబెల్ వచ్చింది. అంతకుముందే 1969లో సైరస్ లెవింథాల్ ఒక చిక్కు చూపించారు: వీలున్న రూపాలన్నీ ఒక్కొక్కటిగా ప్రయత్నించుకుంటూ పోతే విశ్వం వయసు కూడా చాలదు, మరి క్షణాల్లో, అంతకన్నా తక్కువలో ఎలా మడతపడుతోంది? ఆ చిక్కుతోనే కంప్యూటర్లవాళ్ళు దశాబ్దాలు కుస్తీ పట్టారు. 1994 నుంచి దానికి రెండేళ్ళకోసారి పోటీ పెట్టుకున్నారు. 2020 పోటీలో ఆల్ఫాఫోల్డ్ చాలావరకు సరిగ్గా చెప్పేసింది. 2024 రసాయన నోబెల్‌లో సగం అందుకే డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకి వెళ్ళింది. మిగతా సగం, లోకంలో లేని కొత్త ప్రోటీన్లని లెక్కగట్టి తయారుచేసిన డేవిడ్ బేకర్‌కి.

నాకు ఎటూ తేలని సందేహం ఒకటుంది. మడతపడడం అనాలా, ముడుచుకోవడం అనాలా? అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే ముడుచుకుంటుంది. 'కోవడం' అనే ముక్కలో తనంతట తాను చేసుకుంటోందన్న భావం ఇంకా బాగా ఉంది. నా మేనకోడలు మొదట అదే రాసుకుందట. తర్వాత ఎందుకు కొట్టేశావని అడిగితే, "ముడుచుకోవడం అంటే భయపడినట్టు ఉందత్తా. ఇది భయపడి దగ్గరికి రావడం కాదు, తన రూపంలోకి రావడం" అంది. దాని మాటే నాకు నచ్చింది. పైగా ముడుచుకున్నది ఏ ఆకారంలోనైనా ఉండొచ్చు. మడతకి ఒక క్రమం ఉంది, మళ్ళీ వేస్తే మళ్ళీ అలాగే వస్తుంది.

ఐటీ కుర్రాడి మాటకి జవాబు ఇంకా కష్టం. ఎలాగూ పై చదువులు ఇంగ్లీషులోనే, ఉద్యోగం ఇంగ్లీషులోనే, పిల్లకి రెండు మాటలు నేర్పి ఏం లాభం అన్నది అతని ఉద్దేశం. బస్సుని, ఫోన్‌ని మనం అలాగే తీసుకున్నాం, నేనూ ఈ వ్యాసంలో ప్రోటీన్ అనే అన్నాను, ఎంజైమ్ అనే అన్నాను. వస్తువు బయటినుంచి వచ్చినప్పుడు దాని పేరూ వెంట వస్తే వద్దనడం అనవసరం. కానీ మడత బయటినుంచి రాలేదు. మన ఇళ్ళల్లో అటకమీదా బీరువాలోనూ రోజూ కనబడేదానికి, ఉన్న పేరు తీసి పరాయి పేరు తగిలించి, ఆ తర్వాత 'సైన్సు కష్టం' అనుకుంటున్నాం. చెన్నైలో, బెంగళూరులో పెరుగుతున్న తెలుగు పిల్లలకి తెలుగు ఇప్పటికే అన్నం, నిద్ర, తిట్లు, పండగల భాషగా మిగిలింది. చదువు సంగతి వచ్చేసరికి ఇంగ్లీషులోకి దూకుతారు. ఈ ఒక్క మాటతో అది ఆగదు, నాకు తెలుసు. కానీ తెలిసిన పిల్ల, తెలిసి, తెలుగులో చెప్పబోతే మనమే ఆపకూడదు.

ఇంకా కుదరాల్సినవి

తర్వాత ఒక ఆదివారం మేనకోడలూ నేనూ కూర్చుని దాని కాగితం మళ్ళీ రాశాం. చాలావరకు కుదిరాయి. మిస్‌ఫోల్డింగ్‌కి మడత తప్పడం. పిచ్చి ఆవు జబ్బు గురించి 'మడత తప్పిన ప్రియాన్ అనే ప్రోటీన్ పక్కవాటి మడత కూడా తప్పిస్తుంది' అని రాసుకుంది, ఒక్క వాక్యంలో జబ్బు ఎలా పాకుతుందో తెలిసిపోయింది. ప్రోటీన్ రూపాల్లో మళ్ళీ మళ్ళీ కనబడే ఒక అమరికని శాస్త్రవేత్త పేరుతో రాస్‌మన్ ఫోల్డ్ అంటారు, దాన్ని రాస్‌మన్ మడత అన్నాం. ఆల్ఫాఫోల్డ్ పేరు కనక అలాగే ఉంచాం.

రెండు దగ్గర ఆగిపోయాం. ఒకటి, వేడికి ప్రోటీన్ తన రూపం పోగొట్టుకోవడం. గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడేది అందుకే: మడతలు విడిపోయి, గొలుసులు ఒకదానికొకటి చిక్కుపడిపోతాయి, చల్లారాక మళ్ళీ మొదటికి రావు. 'మడత విప్పుకోవడం' అని రాసింది గానీ, విప్పుకోవడంలో హాయి ఉంది, ఇక్కడ జరిగేది చెడిపోవడం. 'మడత చెదరడం' అన్నాను నేను. మేనకోడలికి ఇంకా పూర్తిగా మనసొప్పలేదు. ఆన్‌ఫిన్‌సెన్ ప్రయోగంలో మళ్ళీ మడతపడింది కదా, చెదిరిపోతే ఎలా వస్తుంది అంటుంది. బహుశా తిరిగొచ్చేదానికి విప్పుకోవడం, తిరిగిరానిదానికి చెదరడం అని రెండూ ఉంచుకోవాలేమో.

రెండోది, కొన్ని ప్రోటీన్లు కొత్తగా తయారైన వాటి పక్కన నిలబడి, తప్పుడు మడత పడకుండా కాపు కాస్తాయి. ఇంగ్లీషులో వాటిని షాపరోన్లు అంటారు, ఒకప్పుడు ఈడొచ్చిన అమ్మాయి బయటికి వెళ్తే వెంట పంపే పెద్దావిడ అని అర్థం. అమ్మ వంటింట్లోంచి విని "తోడు వెళ్ళేదా? అయితే తోడుమనిషి అనండి" అంది. పిల్ల రాసేసుకుంది. ప్రోటీన్‌ని మనిషి అనొచ్చా అని నేను అడిగితే, ఇంగ్లీషువాళ్ళు 'పెద్దావిడ' అన్నప్పుడు మనం 'మనిషి' అంటే ఏమిటంది. ప్రస్తుతానికి తోడుమనిషి అలాగే ఉంది. ఇంతకన్నా మంచి మాట మీ ఇంట్లో ఎవరి నోటనైనా వినబడితే నాకు రాయండి, వచ్చే నెల ఇంకోచోట మాట్లాడమని పిలిచారు దాన్ని.